సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు డబ్బు కట్టే ముందు కమాండ్‌లతో ఇలా చూసుకోండి

ఇంజనీరింగ్ సీట్లు వచ్చి క్లాసులు మొదలయ్యే రోజుల్లో నాకు ల్యాప్‌టాప్ గురించే ఎక్కువ ఫోన్లు వస్తాయి. హన్మకొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. పిల్లలు హన్మకొండ చౌరస్తా దగ్గర ఏదో షాపులోనో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో నిలబడి "మేడమ్, ఐ ఫైవ్ అంటున్నరు, ఎనిమిది జీబీ అంటున్నరు, తీసుకోవచ్చా?" అని అడుగుతారు. ఐ ఫైవ్ అన్నది ఇంటెల్ ప్రాసెసర్ రకం, అంటే మెషీన్ మెదడు. ఎనిమిది జీబీ అన్నది ర్యామ్, పని చేసేటప్పుడు మెషీన్ వాడుకునే మెమరీ. నేను ఫోన్‌లోనే కమాండ్, అంటే మెషీన్‌ను అడగడానికి టైప్ చేసే మాట, చెప్పి, తెర మీద ఏమొచ్చిందో వాళ్లతోనే చదివించుకుని, అప్పుడు జవాబు చెప్తాను. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు ఇళ్లల్లో ఆ డబ్బు ఊరికే రాదు. మిర్చి అమ్మితేనో, చిట్టీ ఎత్తితేనో వస్తుంది. అందుకే ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

మూత మీది స్టిక్కర్ మెషీన్‌తో పుట్టింది కాదు, ఊడదీసి ఇంకోటి అంటించొచ్చు. షాపతను మంచివాడే అయినా, లాట్‌లో వచ్చిన ప్రతి మెషీన్‌నూ విప్పి చూసి ఉండడు. కమాండ్ మాత్రం లోపల ఉన్న ముక్కలను అడిగి జవాబు తెస్తుంది. టైప్ చేసేది మీరే అయి ఉండాలి, అది ముఖ్యం. "మేమే చూపిస్తం" అని వాళ్లు ఫొటో పంపితే అది ఏ మెషీన్ ఫొటోనో మనకు తెలియదు.

కమాండ్‌లను ఇక్కడ పలికినట్టే రాస్తాను, అవసరమైన చోట అక్షరాలు విడిగా చెప్తాను. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాలే వాడండి. విండోస్‌కు చిన్నా పెద్దా తేడా లేదు. లైనక్స్‌కు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, కింద వచ్చే ఉబుంటు అందులో ఒక రకం) ఉంది, అక్కడ పెద్ద అక్షరం కొడితే కమాండ్ దొరకలేదంటుంది.

ముందు విండోస్ ఏదో తేల్చుకోండి

విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ ఐ ఎన్ వి ఇ ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. విన్‌వర్ అంటాం దీన్ని. వచ్చిన పెట్టెలో ఓఎస్ బిల్డ్ పక్కన ఐదంకెల సంఖ్య చూడండి. అది 22000 గాని, అంతకంటే పెద్దది గాని అయితే విండోస్ 11. 19045 అయితే విండోస్ 10లో చివరి వెర్షన్.

ఈ సంఖ్యనే ఎందుకు చూడమంటున్నానంటే, విండోస్ 11 కూడా లోపల తన పేరు 10.0 అనే చెప్పుకుంటుంది. కమాండ్‌లలో 10.0.26100 అని వస్తే పిల్లలు "మేడమ్, ఇది పదే కదా" అని కంగారు పడతారు. మొదటి పదిని వదిలేసి చివరి ఐదంకెలు చదవండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కొంతకాలం భద్రతా అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు ఒకటి ఉంది గాని, నాలుగేళ్ల కోర్సుకు కొనే మెషీన్‌కు దాని మీద ఆధారపడకూడదు. ఇక్కడ ఇంకో విషయం. విండోస్ 11 పడి ఉందంటే మెషీన్ దానికి తగిందేనని అర్థం కాదు. విండోస్ 11కు రహస్య తాళాలను దాచే టీపీఎమ్ 2.0 చిప్, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసే సెక్యూర్ బూట్ వీలు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ తనిఖీని దాటేసి పాత మెషీన్ మీద కూడా ఎక్కించొచ్చు. అది లేస్తుంది, నడుస్తుంది. అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయని మాత్రం మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. అందుకే తెర మీద విండోస్ 11 కనపడగానే సంతోషపడకుండా ప్రాసెసర్ దగ్గరికి వెళ్లాలి.

టీపీఎమ్ చూడటానికి మళ్లీ రన్ పెట్టెలోనే టి పి ఎమ్, చుక్క, ఎమ్ ఎస్ సి అని కొట్టండి. కింద స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉండాలి. టీపీఎమ్ దొరకలేదని వస్తే అది లేకపోవచ్చు, లేదా బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే మెషీన్ సొంత సెట్టింగ్‌లలో) ఆపేసి ఉండొచ్చు. ఆన్ చేసి చూపించమని షాపతన్నే అడగండి.

సిస్టమ్ఇన్ఫో ఏం చెప్తుంది, ఏం చెప్పదు

రన్ పెట్టెలో సి ఎమ్ డి కొడితే నల్ల తెర వస్తుంది. అందులో సిస్టమ్, ఇన్ఫో అనే రెండు మాటలు కలిపి, మధ్యలో స్పేస్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. కొన్ని సెకన్లు ఆగితే పెద్ద జాబితా వస్తుంది. కంపెనీ, మోడల్, విండోస్ పేరు, బయోస్ తేదీ, మొత్తం ర్యామ్, చివరిసారి ఎప్పుడు ఆన్ చేశారు, అన్నీ ఇందులోనే ఉంటాయి. మోడల్ పేరును బిల్లు మీద రాసేదానితో పోల్చుకోండి.

ఇందులో ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని మెషీన్ వయసు అనుకుంటారు చాలామంది. అది విండోస్ ఎక్కించిన తేదీ. షాపులో పోయిన వారం ఫార్మాట్ చేస్తే పోయిన వారం తేదీనే చూపిస్తుంది. బయోస్ తేదీ కూడా అప్‌డేట్ చేస్తే మారిపోతుంది. బయోస్ తేదీ 2018 అని ఉంటే మెషీన్ అంతకంటే పాతదై ఉండే అవకాశమూ ఉంది.

ప్రాసెసర్ వరుసలో ఐ ఫైవ్ అన్న మాటే కనపడదు. ఇంటెల్ 64 ఫ్యామిలీ 6 మోడల్ 142 అన్నట్టు ఏదో వస్తుంది. దాంతో మనకు పని జరగదు. అసలు పేరు కావాలంటే పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ తెర తెరవాలి.

ప్రాసెసర్ అసలు పేరు

స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ అని వెతికి తెరవండి. పాత పాఠాల్లో డబ్ల్యూఎమ్ఐసి అనే కమాండ్ చెప్తారు. కొత్త విండోస్ 11లలో అది ముందుగా ఉండదు, కాబట్టి దాని వెంట పడకండి. దాని బదులు జి సి ఐ ఎమ్ నేర్చుకుంటే చాలు. నాలుగక్షరాలే కాబట్టి ఫోన్‌లో చెప్పడానికి నాకూ సుఖం.

జి సి ఐ ఎమ్, స్పేస్, విన్ 32, అండర్‌స్కోర్, ప్రాసెసర్. ఆ తర్వాత స్పేస్ ఇచ్చి నిలువు గీత. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ పైనున్న కీ నొక్కితే వస్తుంది. మళ్లీ స్పేస్, ఎఫ్ ఎల్, స్పేస్, నేమ్, కామా, నక్షత్రం గుర్తు, కోర్స్. ఎంటర్ కొడితే రెండే వరుసలు: ప్రాసెసర్ పూర్తి పేరు, దాని కోర్లు (లోపల విడివిడిగా పని చేసే భాగాలు) ఎన్ని అనే లెక్క.

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి, మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఐ5-6300యు కూడా ఐ ఫైవే, ఐ5-8250యు కూడా ఐ ఫైవే. మొదటిది ఆరో తరం, రెండు కోర్లు. రెండోది ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. బయటి నుంచి చూస్తే రెండూ అదే కంపెనీ, అదే నల్ల మూత. మొదటిది విండోస్ 11 జాబితాలో లేదు, రెండోది ఉంది. "ఐ ఫైవ్ ఉంది" అన్న మాటకు ఈ అంకెలు లేకుండా విలువ లేదు.

తరం చదవడం ఇలా. గీత తర్వాత అంకె 2 నుంచి 9 లోపు దానితో మొదలైతే ఆ ఒక్క అంకే తరం. 1తో మొదలైతే మొదటి రెండంకెలు తీసుకోవాలి. 10210యు అంటే పదో తరం, 1135జి7 అంటే పదకొండో తరం, 1235యు అంటే పన్నెండో తరం. 1135 చూసి మొదటి తరం అనుకుని మంచి మెషీన్‌ను వదిలేసిన పిల్లలూ ఉన్నారు. కోర్ అల్ట్రా అని వచ్చే కొత్త వాటికి ఈ లెక్క పనిచేయదు.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎమ్‌డీ చేసే రైజెన్ ప్రాసెసర్ల పేర్లలో ఇంకా జాగ్రత్త కావాలి. ల్యాప్‌టాప్‌లకు వచ్చే 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్‌ను చెప్తుంది. 7520యు అన్నప్పుడు 7 చూసి కొత్తది అనుకుంటాం, మూడో అంకె 2 అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్. చిన్న పనులకు బాగానే ఉంటుంది, ఆ ధరకు తగిందా అన్నది మీరు చూసుకోవాలి.

అదే పవర్‌షెల్‌లో జి సి ఐ ఎమ్, స్పేస్, విన్ 32, అండర్‌స్కోర్, బయోస్ కొట్టండి. సీరియల్ నంబర్ వస్తుంది. ల్యాప్‌టాప్ తిప్పి అడుగున ఉన్న నంబర్‌తో పోల్చండి. రెండూ కలవకపోతే అడుగు మూత గాని, మదర్‌బోర్డు గాని వేరే మెషీన్‌ది అయి ఉండొచ్చు. అది మోసమే కానక్కర్లేదు, రిపేరులో మార్చి ఉండొచ్చు. ఎందుకు కలవలేదో అడిగి, జవాబు సరిగ్గా లేకపోతే ఇంకోటి చూడండి.

ర్యామ్ ఎంతే కాదు, ఎలా ఉందో చూడాలి

8 జీబీ అని చెప్పిన మెషీన్‌లో 7.8 అని కనపడితే టెన్షన్ పడొద్దు. గ్రాఫిక్స్ కొంత పక్కకు తీసుకుంటుంది. 8 చెప్పి 3.9 చూపిస్తే మాత్రం వెంటనే అడగాలి.

జి సి ఐ ఎమ్, స్పేస్, విన్ 32, అండర్‌స్కోర్, ఫిజికల్‌మెమరీ. చివరి రెండు మాటలూ కలిపే కొట్టాలి. లోపల ఎన్ని ర్యామ్ ముక్కలుంటే అన్ని జాబితాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. కెపాసిటీ పక్కన పెద్ద సంఖ్య చూసి బెదరకండి. 8589934592 అంటే 8 జీబీ, 4294967296 అంటే 4 జీబీ. అది బైట్లలో ఉన్న లెక్క. అదే జాబితాలో ఎస్ఎమ్‌బయోస్ మెమరీ టైప్ అనే వరుస ఉంటుంది. ర్యామ్ ఏ తరానిదో అది చెప్తుంది: 24 అంటే డీడీఆర్ 3, 26 అంటే డీడీఆర్ 4, 34 అంటే డీడీఆర్ 5. డీడీఆర్ 3 మెషీన్‌ను ఇప్పుడు కొనొద్దని నా మాట. తర్వాత ర్యామ్ పెంచుకుందామంటే పాత ముక్క కోసం వెతుక్కోవాలి, అది ఇంకో మెషీన్‌కు పనికిరాదు.

ఒకే 8 జీబీ ముక్క ఉండి ఇంకో స్లాట్ ఖాళీగా ఉంటే మంచిదే, రేపు ఇంకో 8 చేర్చుకోవచ్చు. రెండు 4లు ఉంటే పెంచుకునేటప్పుడు ఒకటి తీసి పడేయాల్సి వస్తుంది. బేరమాడేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

డిస్క్, బ్యాటరీ

పవర్‌షెల్‌లో గెట్, అడ్డగీత, ఫిజికల్‌డిస్క్ కొట్టండి. మీడియా టైప్ కింద ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) అని ఉండాలి. హెచ్‌డీడీ అని ఉంటే అది తిరిగే పాత డిస్క్. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్ విండోస్ 11తో లేవడానికే పిల్లల ఓపిక అయిపోతుంది. ధర తగ్గించి ఇస్తానంటే, ఎస్ఎస్‌డీ వేయించుకునే ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

సైజు చూసి గొడవ పడకండి. 512 జీబీ డిస్క్ 476 అని, 256 జీబీ డిస్క్ 238 అని, 1 టీబీ 931 అని కనపడుతుంది. డిస్క్ తయారీదారు 1000 చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. ఎవరూ ఏమీ దొంగిలించలేదు.

బ్యాటరీకి నల్ల తెరలోనైనా, పవర్‌షెల్‌లోనైనా పవర్ సి ఎఫ్ జి అని కలిపి కొట్టి, స్పేస్, స్లాష్, బ్యాటరీ రిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఫైలు ఎక్కడ పెట్టిందో అదే చెప్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు సంఖ్యలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది 50,000, రెండోది 30,000 అంటే కొత్తలో ఉన్న బలంలో 60 శాతమే మిగిలింది. హాస్టల్‌లో కరెంటు పోయినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. సగానికంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తీసేయమనండి. రెండు సంఖ్యలూ సరిగ్గా ఒకటే ఉంటే అది కొత్తగా వేసిన బ్యాటరీ కావొచ్చు. కంపెనీదా కాదా అడిగి తెలుసుకోండి.

విండోస్ లైసెన్స్ సంగతి క్లుప్తంగా చెప్తాను. నల్ల తెరలో ఎస్ ఎల్ ఎమ్ జి ఆర్, స్పేస్, స్లాష్, ఎక్స్ పి ఆర్. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే సరే. ఫలానా తేదీ వరకే అని వస్తే, ఆఫీసుల కోసం ఇచ్చే 180 రోజుల పద్ధతిలో దాన్ని నడిపించారని అర్థం. మీ సొంత లైసెన్స్ కాదు అది.

ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో చూడటం

విండోస్‌లో కనిపించే పేర్లను కొన్ని చోట్ల మార్చి చూపించే వీలుంది. మీ జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్ మీది ఉబుంటుకు ఆ మార్పులేవీ అంటవు, అందుకే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఉబుంటు 24.04 డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవాలి. 8 జీబీది చాలు, అందులో పాత ఫైళ్లు ఉంటే ముందే వేరేచోట దాచుకోండి, అన్నీ చెరిగిపోతాయి. మా ల్యాబ్‌లో అడిగిన పిల్లలకు నేనే చేసిస్తాను, ఏ కాలేజీలోనైనా ల్యాబ్ వాళ్లు కాదనరు.

షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి మెషీన్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోలలో ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9 కొడితే ఎక్కడి నుంచి లేవాలో అడుగుతుంది. ట్రై ఉబుంటు ఎంచుకోండి. ఇన్‌స్టాల్ మాత్రం నొక్కొద్దు, మెషీన్ ఇంకా మీది కాదు. తెర వచ్చాక కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది.

ముందు ఎల్ ఎస్ సి పి యు. మోడల్ నేమ్ దగ్గర ప్రాసెసర్ పేరు ఉంటుంది. పైన సీపీయూ(లు) 8 అని కనపడితే ఎనిమిది కోర్లు అనుకోవద్దు. కోర్స్ పర్ సాకెట్ వరుసే అసలు కోర్ల లెక్క, ఆ 8 అన్నది థ్రెడ్ల, అంటే ఒకేసారి నడిచే పనుల వరుసల లెక్క. తర్వాత ఫ్రీ, స్పేస్, అడ్డగీత, హెచ్. టోటల్ కింద ర్యామ్ వస్తుంది. ఫ్రీ కింద అంకె చిన్నగా ఉన్నా పర్వాలేదు, అవైలబుల్ చూడండి. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ను ఫైళ్లు గుర్తుపెట్టుకోవడానికి వాడుకుని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది.

ర్యామ్ స్లాట్ల సంగతి సుడో (ఎస్ యు డి ఓ, అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పే మాట), స్పేస్, డి ఎమ్ ఐ డీకోడ్, స్పేస్, అడ్డగీత టి, స్పేస్, మెమరీ అని అడిగితే తేలుతుంది. నో మాడ్యూల్ ఇన్‌స్టాల్డ్ అంటే ఖాళీ స్లాట్. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్ఓడిమ్ అంటే తీసి మార్చుకునే ముక్క. రో ఆఫ్ చిప్స్ అని వస్తే ర్యామ్‌ను బోర్డు మీదే అతికించారు, దాన్ని ఎప్పటికీ మార్చలేరు. పలచగా అందంగా ఉన్న మోడళ్లలో ఇది తరచూ కనపడుతుంది.

ఇక డిస్క్ ఎంత అరిగింది? విండోస్‌లో కంటే ఇక్కడ ఇది బాగా తెలుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, సుడో ఆప్ట్ అప్‌డేట్, అది అయ్యాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్మార్ట్‌మాన్‌టూల్స్ కొట్టండి. ఆప్ట్ అంటే ఎ పి టి, మాన్ అంటే ఎమ్ ఓ ఎన్. వైఫై పట్టిందా లేదా అన్నదీ ఈ పనిలోనే తెలిసిపోతుంది. తర్వాత ఎల్ ఎస్ బి ఎల్ కె కొడితే డిస్క్ పేరు ఎస్ డి ఎ అనో, ఎన్ వి ఎమ్ ఇ 0 ఎన్ 1 అనో వస్తుంది. ఇప్పుడు సుడో, స్పేస్, స్మార్ట్ సి టి ఎల్, స్పేస్, అడ్డగీత ఎ, స్పేస్, స్లాష్ డి ఇ వి స్లాష్, ఆ వెంటనే డిస్క్ పేరు.

పవర్ ఆన్ అవర్స్ చూడండి. మెషీన్ వయసు గురించి నిజానికి దగ్గరగా ఉండే సంఖ్య ఇదే, డిస్క్ మార్చి ఉండకపోతే. 20,000 అని ఉంటే, రోజుకు 8 గంటల చొప్పున దాదాపు ఏడేళ్లు నడిచిందన్నమాట. "ఏడాది వాడిన మెషీన్" అన్నవారిని అప్పుడు అడగాలి. సాటా డిస్క్‌లో (ఎస్ డి ఎ అని వచ్చినది) రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే వరుసలు డిస్క్‌లో పాడైన, అనుమానపు చోట్ల లెక్క, వాటి చివర సున్నా ఉండాలి. ఎన్‌వీఎమ్ఈ డిస్క్‌లో (ఎన్ వి ఎమ్ ఇ అని వచ్చినది) ఎంత శాతం అరిగిందో చెప్పే పర్సెంటేజ్ యూజ్డ్ చూడండి, తక్కువుంటే మంచిది. పెండింగ్ సెక్టార్లు కనపడిన డిస్క్ మీద ప్రాజెక్ట్ ఫైళ్లు పెట్టుకోకూడదు, వేరే డిస్క్ వేయించి ఇవ్వమనండి.

సుడో గురించి ఒక మాట. పెన్‌డ్రైవ్ ఉబుంటులో పాస్‌వర్డ్ అడగదు. రేపు మీ మెషీన్‌లో ఎక్కించుకున్నాక అడుగుతుంది, కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందని ఫోన్ చేయకండి, చూడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

నాకు పంపాలంటే, బిల్లు రాయించాలంటే

తెరను వంకరగా ఫొటో తీసి పంపితే అంకెలు చదవలేను. నల్ల తెరలో సిస్టమ్ఇన్ఫో తర్వాత స్పేస్ ఇచ్చి, కుడివైపు తిరిగిన బాణం మొన గుర్తు, అంటే షిఫ్ట్‌తో చుక్క కీ, మళ్లీ స్పేస్, ఎ చుక్క టి ఎక్స్ టి అని కొట్టండి. జాబితా అంతా ఫైలులోకి వెళ్తుంది. నోట్‌ప్యాడ్, స్పేస్, అదే ఫైలు పేరు కొడితే తెరుచుకుంటుంది. క్లాసు గ్రూపులో పెట్టేటప్పుడు ప్రాడక్ట్ ఐడీ, హోస్ట్ పేరు ఉన్న వరుసలు తీసేయండి. సీరియల్ నంబర్‌ను గ్రూపులో అసలు పెట్టొద్దు, దాంతో మీ వారంటీ వివరాలు వేరేవాళ్లు చూడగలరు.

బిల్లు మీద మాత్రం సీరియల్ నంబర్ ఉండాలి. "ల్యాప్‌టాప్ ఒకటి" అని రాసిన బిల్లు రేపు దేనికీ పనికిరాదు. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత, షాపు వారంటీ ఎన్ని నెలలు, అది బ్యాటరీకి వర్తిస్తుందా లేదా, ఇవన్నీ చేత్తోనైనా రాయించి ముద్ర వేయించుకోండి. కమాండ్‌లలో చూసిన అంకెలను చూసుకుంటూ మీరే చెప్పి రాయించండి.